కారు అద్దం పగలగొట్టే పనిముట్టు ఏది కొనాలి?

వానలు మొదలయ్యాయి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. కారు నీళ్లలో చిక్కుకుంటే అద్దం పగలగొట్టుకుని ఎలా బయటపడాలి, అందుకు ఏం కొనిపెట్టుకోవాలి అని. విజయవాడ ఆటోనగర్‌లో కారు అద్దాలు బిగించడమే నా వృత్తి. అందుకని మైలేజీ, సర్వీసింగ్ ప్రశ్నలన్నీ వచ్చే నెలకి ఆపి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మావారు రోజూ పిల్లలిద్దర్నీ కాలవగట్టు మీదుగా స్కూల్లో దింపి ఆఫీసుకి వెళతారు. రోడ్డు సన్నం, పక్కన గోడా లేదు, రెయిలింగూ లేదు. ఎదురుగా లారీ వస్తే ఎలాగా అని వాళ్లు చేరేదాకా నాకు టెన్షనే. ఆన్‌లైన్‌లో చూస్తే అద్దం పగలగొట్టేవి సుత్తిలాంటివి, పెన్నులాంటివి, కీచైన్‌లాంటివి బోలెడు ఉన్నాయి. రెండొందల నుంచి రెండు వేల దాకా చెబుతున్నారు. ఏది తీసుకోమంటారు?
– ఒక సోదరి, పశ్చిమగోదావరి జిల్లా

జవాబు: స్ప్రింగుతో పనిచేసే చిన్న రకం తీసుకో తల్లీ. కాలవ పక్కన తిరిగేవాళ్లు సుత్తి రకం జోలికి వెళ్లక్కర్లేదు. ఎందుకో చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తేనే ఆ సమయంలో చెయ్యి సరిగ్గా పనిచేస్తుంది.

మన దగ్గర తిరిగే కార్లలో చాలావాటికి డోరు అద్దాలు, వెనక అద్దం టెంపర్డ్ గ్లాసు. తయారు చేసేటప్పుడు ఆ అద్దాన్ని 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, వెంటనే రెండు వైపులా గాలి కొట్టి చల్లారుస్తారు. పైపొర ముందు బిగుసుకుంటుంది. లోపలి భాగం ఆ తర్వాత నిదానంగా చల్లారుతూ పైపొరని లోపలికి లాక్కుంటుంది. అలా బిగపట్టి ఉంటుంది కాబట్టే పిడికిలితో గుద్దినా, మోచేత్తో కొట్టినా ఉలకదు. కానీ గట్టి మొన ఏదైనా ఆ పైపొరని ఒక్కచోట చీల్చుకుని లోపలికి దిగిందంటే అద్దం మొత్తం ఒక్కసారిగా వదిలేస్తుంది. బలం కంటే మొన ముఖ్యం అన్నమాట.

లేత్ పనివాళ్ల దగ్గర సెంటర్ పంచ్ అని ఉంటుంది, ఇనుము మీద డ్రిల్లు పెట్టే ముందు గుర్తు వెయ్యడానికి. స్ప్రింగు రకం పనిముట్టు దానికి తమ్ముడే. లోపల స్ప్రింగు, చివర టంగ్‌స్టన్ కార్బైడ్ మొన. అద్దానికి ఆనించి నొక్కుతూ పోతే ఒక హద్దు దగ్గర స్ప్రింగు టక్కున విడివడి మొనని విసురుతుంది. చెయ్యి వెనక్కి తీసి విసరాల్సిన పని లేదు. నీళ్లలో ఇదే అక్కరకొస్తుంది. ఒంటి చుట్టూ నీళ్లుంటే సుత్తి విసురు సగంలోనే చచ్చిపోతుంది. అసలు సీటుకీ డోరుకీ మధ్య ఆ కాస్త చోటులో పొడిగా ఉన్నప్పుడే సుత్తి తిప్పడం కష్టం.

మా షాపు వెనక తీసేసిన డోర్లు ఉంటాయి. అడిగినవాళ్లకి వాటి మీదే చూపిస్తాను. అద్దం మధ్యలో పెడితే అది కాస్త వంగి ఆ దెబ్బని మింగేస్తుంది, ఒక్కోసారి పగలదు. కింది మూలలో, రబ్బరు బీడింగుకి రెండు వేళ్ల ఎడంలో పెట్టి అరచేత్తో నొక్కితే టక్‌మని చప్పుడు, ఆ క్షణంలోనే అద్దం అంతా తెల్లగా మారుతుంది. కొంత తనంతట తానే రాలుతుంది, మిగతాది తోస్తే కలకండ ముక్కల్లా జలజలా పడిపోతుంది. అంచులు మొద్దుగా ఉంటాయి, అయినా గీసుకుంటాయి. కాబట్టి మొహం పక్కకి తిప్పుకుని, చున్నీయో చొక్కా చెయ్యో చుట్టుకుని తొయ్యాలి. చూసినవాళ్లంతా ఇంతేనా అంటారు. అవును, ఇంతే. మొన మంచిదై, పెట్టే చోటు తెలిస్తే ఇంతే.

కొనేటప్పుడు టార్చి, పవర్ బ్యాంకు, సైరను అన్నీ ఒకదాంట్లో ఉన్నవి వద్దు. ఈ రెండు పనులకే చేసినది చాలు: అద్దం పగలాలి, బెల్టు తెగాలి. బ్లేడు లోపలికి దాగి ఉండాలి, బెల్టు దూరేంత సందు మాత్రమే ఉండాలి, పిల్లల వేలు దూరకూడదు. కొన్నాక మెత్తటి చెక్క మీద నాలుగైదుసార్లు నొక్కి చూడండి. ప్రతిసారీ ఒకేలాంటి గుంట పడాలి. ఒకసారి లోతుగా, ఒకసారి పైపైన పడుతుంటే స్ప్రింగు నాసిరకం. వెంటనే తిరిగి పంపించెయ్యండి. పేరున్న కంపెనీల నమూనా చూసి అచ్చం అలాగే పోసినవి మార్కెట్లో ఉన్నాయి. బయటికి తేడా తెలియదు, చెక్క మీద తెలుస్తుంది.

ఇక దీనికంటే ముఖ్యమైన మాట. కారు నీళ్లలో పడగానే చెయ్యి మొదట వెళ్లాల్సింది పవర్ విండో స్విచ్చి మీదికి. కారు పడిన వెంటనే మునగదు, కాసేపు తేలుతుంది. ఈ విషయం మీద ఏళ్ల తరబడి కార్లని నిజంగానే నీళ్లలో దించి చూసినవాడు కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ గార్డన్ గీస్‌బ్రెక్ట్. తేలే సమయం అర నిమిషం నుంచి రెండు నిమిషాలని ఆయన చెబుతారు. ఆయన చెప్పే వరస: బెల్టులు తియ్యి, కిటికీలు దించు, ముందు పిల్లల్ని పంపి నువ్వు బయటపడు. ఫోన్ చేస్తూ కూర్చోవద్దని గట్టిగా చెబుతారు. నీళ్లు అద్దం దాకా రాకముందే దించెయ్యాలి. వచ్చాక ఆ ఒత్తిడికి అద్దం పక్క చానల్‌కి అదుముకుపోయి మోటారు లాగలేదు. అప్పుడే పనిముట్టు అవసరం.

డోరు తీద్దామని చూడొద్దు. అర మీటరు లోతులో నీళ్లు చదరపు మీటరుకి 500 కిలోల బరువుతో తోస్తాయి. ఏ మగాడూ ఆ డోరు తియ్యలేడు. ఒకవేళ తెరుచుకున్నా నీళ్లు ఒక్కసారిగా దూరి కారు తొందరగా మునుగుతుంది.

2024 డిసెంబరు 7 తెల్లవారుజామున యాదాద్రి భువనగిరి జిల్లాలో, భూదాన్ పోచంపల్లి మండలం జలాల్‌పూర్ దగ్గర ఒక కారు చెరువులోకి దూసుకెళ్లింది. ఆరుగురు కుర్రాళ్లు. అయిదుగురు పోయారు. ఒక్కడు అద్దం పగలగొట్టుకుని బయటికొచ్చాడు. ఆ వార్త చదివిన రోజు నుంచి నేను షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ అడగకపోయినా ఈ సంగతి చెబుతున్నాను.

ఎక్కడ పెట్టాలి అంటే, బెల్టు పెట్టుకుని కూర్చున్నప్పుడు చెయ్యి చాపితే అందేచోట. గ్లోవ్ బాక్సులో వద్దు, డిక్కీలో అసలే వద్దు. డ్యాష్‌బోర్డు మీద గమ్ టేపుతో అంటిస్తే రోహిణి కార్తె ఎండలకి ఊడిపోతుంది. గేరు పక్కన, సీటు పక్కన ప్లాస్టిక్ భాగానికి వెల్క్రో పట్టీతో బిగించండి. కారు తలకిందులైనా అది అక్కడే ఉండాలి. పిల్లలు వెనక కూర్చుంటారు కాబట్టి వెనక కూడా ఒకటి పెట్టండి. తాళాల గుత్తికి తగిలిస్తే చాలంటారు కొందరు. తాళం పెట్టి తిప్పే కారైతే సరే. బటన్ స్టార్ట్ కారులో తాళం ప్యాంటు జేబులో ఉంటుంది, బెల్టు కింద నలుగుతున్న జేబులోంచి దాన్ని తియ్యడం అయ్యే పని కాదు.

పిల్లలు పెద్దవాళ్లయితే వాళ్లకీ నేర్పండి. ఆగి ఉన్న కారులో, కళ్లు మూసుకుని, బెల్టు బటన్ ఎక్కడ, కిటికీ స్విచ్చి ఎక్కడ, పనిముట్టు ఎక్కడ అని చేత్తో తడిమి పట్టుకోమనండి. ఆడుకున్నట్టే ఉంటుంది వాళ్లకి. ఇంకోటి, వెనక డోర్ల కిటికీ స్విచ్చికి చైల్డ్ లాక్ వేసి ఉంటే వాళ్లు దించలేరు. మీ వారు డ్రైవరు వైపు నుంచి నాలుగూ దించడం అలవాటు చేసుకోవాలి.

ప్రశ్న: వాట్సాప్‌లో వీడియో చూశాను. సీటు హెడ్‌రెస్ట్ పీకి, దాని కడ్డీతో అద్దం పగలగొట్టొచ్చట. హెడ్‌రెస్ట్ ఊడేలా పెట్టింది అందుకేనట. నిజమేనా సార్? మా ఆఫీసు దారిలో అండర్‌పాస్ ఉంది, వానొస్తే నిండిపోతుంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అందుకు పెట్టింది కాదు బాబూ. మెడకి దెబ్బ తగలకుండా పెట్టింది, ఎత్తు సర్దుకోవడానికి ఊడేలా చేశారు. కడ్డీ చివర మొద్దుగా, గుండ్రంగా ఉంటుంది. డోరుకీ అద్దానికీ మధ్య సందులో దింపి వెనక్కి లాగితే అద్దం పగిలే మాట నిజమే, కానీ అన్ని కార్లలో ఆ కడ్డీ అక్కడ దిగదు. కొన్ని సీట్లకి అసలు హెడ్‌రెస్ట్ ఊడి రాదు. నడుముదాకా నీళ్లొచ్చాక, పక్కన పిల్ల ఏడుస్తుంటే, రెండు చేతులా బటన్ నొక్కి హెడ్‌రెస్ట్ పీకడం ఒకసారి ఊహించుకోండి. చేతిలో ఏమీ లేనప్పుడు చేసే ప్రయత్నం అది. దాన్ని నమ్ముకుని పనిముట్టు కొనకుండా ఉండొద్దు.

అండర్‌పాస్ సంగతి వేరు. అక్కడ పనిముట్టు కంటే ముందు బ్రేకు గుర్తుకు రావాలి. 2023 మే 21న బెంగళూరు కేఆర్ సర్కిల్ అండర్‌పాస్ నీళ్లలో క్యాబు ఆగిపోయి మన ఆంధ్రా అమ్మాయి, 22 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ప్రాణం పోయింది. కుటుంబమంతా అదే కారులో ఉన్నారు. నీళ్లు నిలిచిన చోట లోతు పైనుంచి తెలియదు. ముందు కారు వెళ్లిందని మీరు వెళ్లకండి, దాని ఎత్తు వేరు, మీ కారు ఎత్తు వేరు. ఇంజను ఆగిందంటే మళ్లీ మళ్లీ స్టార్ట్ చేస్తూ కూర్చోకుండా కిటికీలు దించి, పైకెక్కండి.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా కారు డోరు అద్దం అంచు మీద లామినేటెడ్ అని రాసి ఉంది. ఇండియా వచ్చినప్పుడు నాన్నగారికి కూడా ఒకటి కొని తెద్దామనుకుంటున్నాను. స్ప్రింగు పంచ్ మా కారుకి పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: మీ కారులో ఆ డోర్లకి పనిచెయ్యదు. అది స్పష్టంగా తెలుసుకోవాలి. లామినేటెడ్ అంటే రెండు అద్దాల మధ్య పీవీబీ అనే సాగే ప్లాస్టిక్ పొర. మన విండ్‌షీల్డులన్నీ అదే. రాయి తగిలితే సాలెగూడులా పగుళ్లు పడతాయి కానీ రాలదు. పంచ్ కొడితే పై అద్దానికి చిల్లు పడుతుంది, ప్లాస్టిక్ పొర దాన్ని పట్టుకుని ఉంటుంది.

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో ఇలాంటి ఆరు పనిముట్లని పరీక్షించింది. టెంపర్డ్ అద్దాన్ని నాలుగు పగలగొట్టాయి. లామినేటెడ్‌ని ఒక్కటీ పగలగొట్టలేకపోయింది. సుత్తుల కంటే స్ప్రింగు రకమే మెరుగని కూడా అందులోనే తేలింది. 2018 మోడళ్లలో మూడింట ఒక వంతుకి పక్క అద్దాలు లామినేటెడ్ అని వాళ్ల లెక్క. కారణం చెడ్డదేమీ కాదు. బండి బోల్తా కొట్టినప్పుడు మనిషి కిటికీలోంచి బయటికి ఎగిరిపడకుండా ఆపుతుంది, లోపలికి చప్పుడు రానివ్వదు.

చెయ్యాల్సిందేమిటంటే, నాలుగు డోర్లూ, వెనక అద్దం, సన్‌రూఫ్ ఉంటే అదీ, ఒక్కొక్కటే చూడండి. మూలన చిన్న ముద్ర ఉంటుంది. టెంపర్డ్ లేదా టఫెన్డ్ అని ఉంటే పగులుతుంది. ముద్ర చెరిగిపోతే అద్దం సగం దించి, పై అంచుని పైనుంచి చూడండి. లామినేటెడ్‌కి అంచు మధ్యలో సన్నటి గీత కనిపిస్తుంది, రెండు రేకులు కలిపి అతికించినట్టు. టెంపర్డ్ ఒకే ముద్ద. ముందు రెండు డోర్లకి లామినేటెడ్ వేసి, వెనకవాటికి టెంపర్డ్ ఉంచిన కార్లు చాలా ఉన్నాయి. ఏ అద్దం పగులుతుందో అదే మీ ఇంట్లోవాళ్లందరికీ దారి. ఆ అద్దం ఏదో అందరికీ తెలిసి ఉండాలి. ఏదీ పగలదని తేలితే నీళ్లలో పడిన మొదటి క్షణంలో స్విచ్చి నొక్కి దించడమే మీ ఉపాయం.

మన దగ్గర కూడా కొత్త ఖరీదైన మోడళ్లకి ముందు డోర్లలో అకౌస్టిక్ గ్లాసు పేరుతో ఇదే వస్తోంది. షోరూములో నిశ్శబ్దం గురించి చెబుతారు, ఇది చెప్పరు. మీరే అడగండి. నాన్నగారికి తెచ్చేది మాత్రం చెకిన్ సూట్‌కేసులో పెట్టండి, బ్లేడు ఉంటుంది కాబట్టి చేతిసంచిలో రానివ్వరు.

ప్రశ్న: మా కారుకి పాత ఓనరు సన్‌ఫిల్మ్ వేయించాడు. అద్దం పగలడానికి అడ్డమా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మొన దిగుతుంది, అద్దం పగులుతుంది, కానీ రాలదు. ముక్కలన్నీ ఫిల్మ్‌కి అంటుకుని దుప్పటిలా వేలాడతాయి. పంచ్ కొట్టగానే ఒక అంచు నుంచి మోచేత్తోనో, సీట్లో వెనక్కి ఆని కాలితోనో బయటికి తోసెయ్యాలి. కొన్ని క్షణాలు ఎక్కువ పడుతుంది. 2012 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు తియ్యమంది. పోలీసుల సంగతి అటుంచి, నేనైతే మీ ప్రాణం కోసం తీయించమంటాను. హెయిర్ డ్రయ్యరుతో వెచ్చబెట్టి నెమ్మదిగా లాగితే శుభ్రంగా వచ్చేస్తుంది.

ప్రశ్న: కర్నూలు బస్సు ప్రమాదం తర్వాత రాత్రి బస్సు ఎక్కాలంటే భయమేస్తోంది. కారు పంచ్ బస్సులో కూడా పనికొస్తుందా, లేక సుత్తే మేలా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఆ బస్సు తగలబడినప్పుడు బతికినవాళ్లలో చాలామంది అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్లే. కాబట్టి నీ ప్రశ్న సరైనదే తల్లీ.

బస్సు లోపల నీళ్లుండవు, చెయ్యి తిప్పుకునే చోటు ఉంటుంది. అక్కడ సుత్తి బాగా పనిచేస్తుంది. బస్సు అద్దం వెడల్పు, మందం ఎక్కువ కాబట్టి కీచైన్ పంచ్ ఒక దెబ్బకి పగలకపోవచ్చు, మూల దగ్గరే చోటు కాస్త మార్చి మళ్లీ నొక్కాలి. కొన్ని ఏసీ బస్సులకి రెండు పొరల అద్దం ఉంటుంది, బయటిదాన్ని కూడా విడిగా కొట్టాలి. నా సలహా, బస్సెక్కగానే సామాను పెట్టకముందే సుత్తి ఎక్కడుందో చూడు. చాలా బస్సుల్లో స్టాండ్ ఉంటుంది, సుత్తి ఉండదు. లేకపోతే డ్రైవర్ని, క్లీనర్ని అడుగు, నామోషీ పడకు. నలుగురు అడిగితే తర్వాతి ట్రిప్పుకి పెడతారు. ఎమర్జెన్సీ డోరు నీ సీటుకి ముందుందో వెనకుందో చూసుకో. స్లీపర్‌లో పడుకుంటే నీ పంచ్ తలగడ పక్కన సంచి పట్టీకి తగిలించుకో, సామాను అరలో పెట్టిన బ్యాగులో వద్దు. పొగ పైకి చేరుతుంది కాబట్టి వంగి కదలాలి. అద్దం పోగానే దుప్పటి మడిచి అంచు మీద వేసి, కాళ్లు ముందు బయటపెట్టి, చేతులతో వేలాడి దూకాలి. తల ముందు పెట్టి దూకితే ఆ ఎత్తుకి మెడ విరుగుతుంది.

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. కీళ్ల నొప్పులతో వేళ్లు బిగించి పట్టుకోలేను. స్ప్రింగు గట్టిగా ఉంటుందంటున్నారు. నాలాంటివాళ్లు నొక్కగలరా?
– ఒక పెద్దాయన, గుడివాడ

జవాబు: నొక్కగలరండీ. వేళ్లతో నొక్కేది కాదు, అరచెయ్యి మడమతో, భుజం బరువు వేసి తొయ్యాలి. కావాలంటే రెండో చెయ్యి దాని మీద వెయ్యండి. మీలాంటివారు పెన్నులా సన్నగా ఉండేది కాకుండా వెనక వైపు వెడల్పుగా ఉండేది ఎంచుకోండి, అరచేతిలో కుదురుగా ఆనుతుంది. బెల్టు కోసేటప్పుడు కూడా అంతే, బెల్టుని ఒంటికి దూరంగా బిగుతుగా లాగి పట్టి, బ్లేడుని ఏటవాలుగా పెట్టి ఒక్క లాగు లాగాలి. అడ్డంగా పెట్టి రంపంలా కోస్తే పీచు లేస్తుంది, తెగదు.

నేను ఇవి అమ్మనండీ, కాబట్టి ఫలానాదే కొనమని చెప్పే అవసరం నాకు లేదు. కొన్నాక విజయవాడ వచ్చే పనుంటే దాన్ని షాపుకి తీసుకురండి. పాత డోరు ఒకటి బల్ల మీద పెట్టి మీ చేత్తోనే నొక్కిస్తాను. గ్లవ్సు, కళ్లజోడు నా దగ్గరున్నాయి. ఆదివారం మాత్రం సెలవు.